ఇంకా ఉడుకుతోంది

మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను మనుషుల వైపు తిరగదు. కంప్యూటర్ డబ్బాకి ఒక పక్క రేకు ఊడదీసి, దాని పొట్టలోకి గాలి కొట్టేలా పెట్టాం. చెమటతో నా వీపు కుర్చీకి అతుక్కుపోతున్నా ఆ ఫ్యానుని ఇటు తిప్పే ధైర్యం ఎవరికీ లేదు, నాతో సహా. అది వేడెక్కితే పని ఆగిపోతుంది. నేను వేడెక్కితే ఏమాగుతుంది?

ఆఫీసంటే ఏదో ఊహించుకోకండి. డ్రైక్లీనింగ్ షాపు మీద ఒక గది, అంతే. కింద ఇస్త్రీ చేసే ఆవిరంతా మా గచ్చులోంచి పైకి తన్నుకొస్తున్నట్టే ఉంటుంది. కిటికీ ఉంది గానీ, తెరిస్తే చేతికందే దూరంలో పక్క బిల్డింగు గోడ. ఆ గదిలో కూర్చుని రోజంతా నేను గీసేది కిటికీలే. ఇంకా కట్టని ఇళ్ళకి బొమ్మలు చెయ్యడం మా వ్యాపారం. బిల్డరు ప్లాను ఇస్తే, రేపు ఆ హాలు ఎలా ఉండబోతోందో, సోఫా ఎక్కడ వస్తుందో, పొద్దుటి ఎండ గచ్చు మీద ఎంతదాకా పాకుతుందో అచ్చం ఫోటో తీసినట్టు చేసిస్తాం. అది చూసి జనం లేని ఇల్లు కొనేసుకుంటారు. అందరిళ్ళలోకీ అంతంత ఎండ తెచ్చిపోసే నాకు మాత్రం ఎండ తగలక విటమిన్ పడిపోయిందని డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది.

గది గీయడం నా పని. గీసిన గదికి వెలుగూ నీడా లెక్కగట్టి బొమ్మగా మార్చడం కంప్యూటర్ పని. దాన్ని రెండరింగ్ అంటారు. మా గదిలో మాత్రం దాన్ని ఉడకడం అంటాం. ఆ మాట పెట్టింది మా మామగారు.

మామగారు ఒక బట్టల మిల్లులో బాయిలర్ మనిషిగా చేసి రిటైరయ్యారు. ఆ మిల్లులో అద్దకం విభాగం మొత్తం ఆవిరి మీదే నడిచేది. ఆవిరి ఎంత తయారైందో చూపించే ముల్లు వైపు చూస్తూ కూర్చోవడమే ఆయన ఉద్యోగం. అత్తయ్య పోయాక ఆయన ఇంట్లో గోడగడియారం ముల్లు వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. పెట్టింది తినరు, పలకరిస్తే పలకరు. ఒంటరిగా వదిలెయ్యడానికి భయమేసి, మాతోపాటు ఆఫీసుకి తీసుకొచ్చి ఓ మూల కూర్చోబెట్టాం. సరిగ్గా ఆ రోజుల్లోనే మావారు ఘనకార్యం ఒకటి చేశారు. ఓ పెద్ద బొమ్మ చివరికొచ్చేసిన టైములో, ఆట స్కోరు చూద్దామని అదే కంప్యూటర్లో ఇంకేదో తెరిచారు. అది బిగుసుకుపోయింది. మొత్తం పోయింది. నేను ఏడవలేదు గానీ, ఆ రోజు ఆయన్ని అన్న మాటలు ఇక్కడ రాయను.

అప్పట్నుంచీ మా గదిలో ఒక రూలు. బొమ్మ ఉడుకుతున్నంతసేపూ ఎవరూ మౌసు ముట్టుకోకూడదు, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఎవరో ఒకరు మామగారే అయ్యారు. స్క్రీను కింద నూటికి ఇంత అయిందని అంకె కనబడుతూ ఉంటుంది. ఆ అంకె చూడగానే ఆయన కళ్ళలోకి ప్రాణం వచ్చింది. కుర్చీ తెచ్చి స్క్రీను ముందు వేసుకున్నారు. అప్పుడప్పుడూ డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూసేవారు, పిల్లాడి నుదురు చూసినట్టు. ఫోను కూడా ఆయనే తీసేవారు. ఎవరు చేసినా ఒకటే జవాబు. "ఇంకా ఉడుకుతోందండీ."

ఆయన కూర్చోగానే నేను టైల్స్ శాంపిళ్ళ అట్టపెట్టెల వెనక కర్టెన్ లాగేసి, చాప మీద వాలిపోయేదాన్ని. మెడ దగ్గర్నుంచి వేళ్ళ దాకా ఎవరో పిండేసినట్టుండేది. కళ్ళు మూసుకున్నా సోఫాలూ గోడలూ తిరుగుతూనే ఉండేవి. ఎప్పుడు నిద్రపట్టేదో తెలిసేది కాదు. లేచేసరికి సాయంత్రం. స్క్రీను మీద బొమ్మ తయారుగా ఉండేది. "ఇప్పుడే అయిందమ్మా" అనేవారు మామగారు. ఇప్పుడేనా అని నేను తల పట్టుకునేదాన్ని. ఒక్క హాలుకి ఇంతసేపా? ఇలాగైతే ఇల్లంతా ఎప్పుడు చెయ్యాలి? ఆ కంప్యూటర్ని తిట్టని తిట్టు లేదు. ముసలిపీనుగ అన్నాను, బద్ధకపు వెధవ అన్నాను. మామగారు డబ్బా మీద దుమ్ము తుడిచేవారు.

నిజానికి ఆ తిట్లన్నీ తినాల్సింది మా కష్టమర్లు. వాళ్ళలో పెద్దాయన ఒక బిల్డరు. ప్రతి బొమ్మకీ "ఇదే లాస్టు మేడమ్, ఈ ఒక్కటీ మార్చెయ్యండి" అంటాడు కాబట్టి మేం ఆయన్ని చాటుగా లాస్టు గారు అనుకుంటాం. మా ఆదాయంలో ముప్పావు వంతు ఆయనే. అందుకే చాటుగా అనుకుంటాం.

ప్రాసెసర్ మారుద్దామన్న మాట మావారి నోటి నుంచి ఎప్పుడొచ్చిందో గానీ, వచ్చాక ఇంక మా ఇంట్లో వేరే మాట లేదు. కంప్యూటర్‌కి మెదడులాంటిది ప్రాసెసరేనట, మా దాంట్లో ఉన్నది ఏ కాలానిదోనట. అన్నం తింటూ వీడియోలు, పళ్ళు తోముకుంటూ వీడియోలు. మావారి స్నేహితుడొకడు కంప్యూటర్ సామాన్లు అమ్ముతాడు. నోరు తెరిస్తే ఈ జనరేషన్, ఆ జనరేషన్ అంటాడు గనక అతని పేరే జనరేషన్ అయిపోయింది. అతను రావడం, ఇద్దరూ కలిసి నా టీ తాగడం, తేల్చకుండా లేవడం. కొత్త జనరేషన్ వచ్చింది తీసుకోండంటాడు. నాలుగు రోజులకి, ఆగండి, దీని తర్వాతది వస్తోంది, అప్పుడు దీని రేటు పడిపోతుందంటాడు. అది రానే వస్తుంది, దాని వెనకాల ఇంకోటి ఉందంటాడు. పైగా ప్రాసెసర్ ఒక్కటీ మారిస్తే కుదరదట. దాని కాళ్ళు పాత బోర్డులో పట్టవట, బోర్డు మార్చాలట. బోర్డు మారిస్తే మెమొరీ మార్చాలట. చీపురు కొందామని బజారుకెళితే ఇల్లే మార్చుకోమన్నట్టుంది వీళ్ళ వరస.

ఒకసారి మాత్రం జనరేషన్ మా కంప్యూటర్ ముందు కూర్చుని బుర్ర గోక్కున్నాడు. "వదినా, ఇది పాతదే గానీ మరీ అంత పాతది కాదు. మీరు చెప్పినంత టైము పట్టకూడదే" అన్నాడు. మావారు వయసైపోయిందన్నారు. నేను ఔనన్నాను. మామగారు ఆ పూట ఫోను వైర్లో పడ్డ చిక్కు విప్పుకుంటూ కూర్చున్నారు.

నాకు కొత్తది కావాలి. అబద్ధమెందుకు, అందరికంటే ఎక్కువ నాకే కావాలి. వెలుతురుండగానే ఇంటికెళ్ళి నా మంచం మీద నేను పడుకోవాలని ఉంది. కానీ ఆ కుర్చీ వైపు చూస్తే కొనమనడానికి నోరొచ్చేది కాదు. బొమ్మ చిటికెలో అయిపోతే కాపలా ఎందుకు? కాపలా లేకపోతే ఈ మనిషి మళ్ళీ ఆ గోడగడియారం ముందుకే కదా పోయేది? మావారితో అంటే, నాన్న హాయిగా ఇంట్లో పడుకుంటాడు, ఈ వయసులో ఆయనకీ తిప్పలెందుకు అన్నారు. కొడుకులకి ఎంత సులువో!

చివరికి ఒకరోజు నేనే జనరేషన్ ముందు మామగారిని అడిగాను, మీరేమంటారని. ఆయన్ని అడగాలని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆయన జనరేషన్ వైపు తిరిగి, "అది ఎంతసేపట్లో ఉడికిస్తుంది బాబూ?" అన్నారు.

టీ తాగి వచ్చేలోపు అయిపోతుందని జనరేషన్ గర్వంగా చెప్పాడు.

"అంత తొందరేం?" అన్నారు మామగారు.

నా వైపు ఒకసారి చూసి మళ్ళీ అంకె వైపు తిరిగారు. కుర్చీ గురించే బెంగ పెట్టుకున్నారనుకుని నా మనసు చివుక్కుమంది. ఆ వారం కొనద్దులెండి అన్నాను మావారితో. ఆ మాట మీద నిలబడనివ్వకుండా చెయ్యడానికి లాస్టు గారు ఉన్నారుగా. ఆయన ఫోన్ చేసి, కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లు మొత్తం మాకే ఇద్దామనుకున్నానని, మేం ఇలా నత్తనడక నడిస్తే వేరేవాళ్ళు చాలామంది ఉన్నారని నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. ఆ ఫోను పెట్టేశాక మావారు నా మొహం చూశారు. నేను జనరేషన్‌కి కబురు పెట్టమన్నాను.

పాతదాన్ని విప్పుతున్నంతసేపూ మామగారు పక్కనే నిలబడ్డారు. అది మూలకి చేరాక దాని మీద గుడ్డ కప్పారు. కొత్తది నల్లగా, నున్నగా, లోపల దీపాలతో పెళ్ళికొడుకులా ఉంది. దాని లోపలే ఫ్యాన్లున్నాయి కాబట్టి టేబుల్ ఫ్యాను నా వైపు తిరిగింది. ఆ గాలి మొహానికి తగిలినప్పుడు, నిజం చెప్పొద్దూ, బతికాననుకున్నాను.

ఆ బతకడం ఎన్నాళ్ళో సాగలేదు. బొమ్మలు తొందరగా వస్తున్నాయని తెలిసిన లాస్టు గారు ఏకంగా ఆఫీసుకే రావడం మొదలుపెట్టాడు. సైటు మీద పెట్టుకునే హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చుంటాడు. కూర్చోవడానికి చోటు కావాలని మామగారి కుర్చీ గోడకి జరిపాం. దాని మీదకి టైల్స్ పెట్టెలు చేరాయి. సోఫా నీలం చెయ్యమంటాడు. చేసి ఉడకబెడితే, ఆయన టీ సగం తాగేసరికి బొమ్మ వస్తుంది. బూడిదరంగైతే ఎలా ఉంటుందో చూద్దామంటాడు. సాయంత్రం ఎండ చూద్దామంటాడు. ఎండ బాగుంది గానీ మళ్ళీ నీలమే చూద్దామంటాడు. ఇదివరకు మార్పు అడగాలంటే రేపటిదాకా ఆగాలి కాబట్టి ఆలోచించి అడిగేవాడు. ఇప్పుడు ఆలోచించడం మానేశాడు, ఆ పని కూడా నాకే వదిలేశాడు. కొత్త ప్రాసెసర్ పరుగెత్తుతోంది, దాని వెనక నేను పరుగెత్తుతున్నాను. కర్టెన్ వెనక చాప చుట్టచుట్టి నిలబెట్టే ఉంది. ఇంటికి తొందరగా వెళ్ళడం మాట దేవుడెరుగు, ఆఫీసులోనే కాళ్ళు చాపుకునే దిక్కు లేకుండా పోయింది. మావారు మాత్రం హుషారుగా ఉన్నారు. చూశావా ఎంత పని అవుతోందో అంటారు. అవుతోంది. ఎవరి ఒంట్లోంచి అవుతోందో ఆయనకేం తెలుసు?

మామగారు చుట్టిన చాప పక్కన పెట్టె మీద కూర్చుని మా ముగ్గురినీ చూస్తూ ఉండేవారు. ఫోను కూడా పెద్దగా మోగేది కాదు, చేసే మనిషే వచ్చి కూర్చున్నాడాయె. ఒకరోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్న నాతో, "రేపట్నుంచి నేను ఇంట్లోనే ఉంటాలేమ్మా, అక్కడ నాకేం పని" అన్నారు. మామూలుగానే అన్నారు. వద్దు మామయ్యా రండి అనాలి. దేనికి రావాలో చెప్పాలిగా! ఏం చెప్పాలో తోచక చెప్పు పట్టీ సర్దుకుంటూ ఉండిపోయాను. దారంతా నా మీద నాకే అసహ్యమేసింది.

ఆ మధ్యాహ్నం లాస్టు గారికి వంటిల్లు నచ్చలేదు. గోడ టైల్స్ మార్చాం, నచ్చలేదు. గట్టు రంగు మార్చాం. కిటికీ ఒక అడుగు జరిపి చూద్దామన్నాడు. జరిపాను. బొమ్మ వచ్చాక చూస్తే ఫ్రిజ్ సగం గోడలో దిగబడి ఉంది. మావారు నవ్వబోయి నా మొహం చూసి ఆగారు. సరిచేద్దామని మౌసు పట్టుకుంటే నొక్కేది ఒకటి, అయ్యేది ఒకటి. కళ్ళ ముందు గీతలన్నీ రెండేసి కనబడుతున్నాయి. ఇంకొక్క మాటంటే అక్కడే బావురుమనేలా ఉన్నాను.

"పర్లేదు మేడమ్, అది సర్దెయ్యండి. ఇదే లాస్టు" అన్నాడు లాస్టు గారు.

పెట్టె మీంచి మామగారు లేచారు. నెమ్మదిగా వచ్చి, మా ఇద్దరి మధ్యలోంచి చెయ్యి చాపి, అరచెయ్యి కొత్త డబ్బా మీద ఆనించారు. కాసేపు అలాగే ఉంచి తల అడ్డంగా ఊపారు.

"ఆపమ్మా. మిషను కాగిపోయింది."

లాస్టు గారు, కొత్తది కదండీ అన్నాడు.

"కొత్తదే బాబూ. కొత్తవాటికే వేడెక్కువ. ఇలాగే తోలామంటే లోపల బోర్డు పోతుంది. దాంతోపాటు మీ బొమ్మలన్నీ పోతాయి. తర్వాత మీ ఇష్టం."

లాస్టు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఎప్పటికి చల్లారుతుందని అడిగాడు. అది చెప్పలేమని, రేపు ఫోన్ చేసి కనుక్కుని రమ్మని మామగారు చెప్పారు. ఆయన చెప్పే తీరులో ఎక్కడా తొణుకూ బెణుకూ లేదు. మమ్మల్ని తొందరపెట్టే మనిషి, మిషన్ని తొందరపెట్టలేక, హెల్మెట్ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మావారికి ముచ్చెమటలు పోశాయి. జనరేషన్‌కి ఫోన్ చేస్తూ సిగ్నల్ కోసం బయటికి పరుగెత్తారు.

నేను డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

మామగారి వైపు తిరిగాను. ఆయన నా వైపు చూడటం లేదు. కుర్చీ మీది టైల్స్ పెట్టెలు ఒక్కొక్కటే దింపి కింద పెడుతున్నారు. ఒక్కసారిగా నాకు ఆ సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. కర్టెన్ లాగి చూసేసరికి తయారుగా ఉన్న బొమ్మలు, ఇప్పుడే అయిందమ్మా అన్న గొంతు, ఇంత టైము పట్టకూడదే అని బుర్ర గోక్కున్న జనరేషన్.

"పాతది కూడా ఇంతేనా మామయ్యా?" అన్నాను.

"అది నిజంగానే కాస్త నెమ్మదమ్మా" అన్నారు. తర్వాత, ఇంక దాచి లాభం లేదనుకున్నారేమో, "కాస్తే" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ నోరులేని దాన్ని ముసలిపీనుగని తిట్టించారు నా చేత! అది నెమ్మదనే కదా ఇంత ఖర్చుపెట్టి దీన్ని తెచ్చి నెత్తిన పెట్టుకున్నాం! ఒక్క మాట చెప్పొచ్చుగా అని గట్టిగానే అడిగాను. అడుగుతుంటే ఏడుపొచ్చేసింది.

"చెబితే పడుకునేదానివా?" అన్నారాయన. "లేచి ఇంకో బొమ్మ పెట్టేదానివి. నువ్వు ఆగుతానని అనవు, మావాడు ఆగమని అనడు. ఎవరో ఒకరు ఆగమనాలి కదమ్మా. మనిషి ఆగాడంటే ఎదుటివాడికి కోపమొస్తుంది. మిషను ఆగిందంటే ఎవరికీ రాదు."

ముక్కు తుడుచుకుని, ఆ చివరి పెట్టె నేనే దింపాను. కుర్చీ లాక్కొచ్చి స్క్రీను ముందు, ఎప్పుడూ ఉండే చోట వేశాను. ఆయన కూర్చున్నారు. స్క్రీను మీద అంకె ఏమీ లేదు. ఆయన మాత్రం అది ఉన్నచోటే చూస్తూ కూర్చున్నారు.

మావారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే లోపలికొచ్చారు. ఇది వేడెక్కే ప్రసక్తే లేదంటున్నాడు, ఒకసారి విప్పి చూడమంటున్నాడన్నారు.

"ఎవరూ ముట్టుకోకండి" అన్నాను. "మామయ్య చూస్తున్నారు. ఆయన చల్లారిందనేదాకా ఆగాల్సిందే. రేపు కూడా ఆయన చెప్పాకే మొదలుపెడదాం."

మావారు నన్నూ వాళ్ళ నాన్ననీ మార్చి మార్చి చూశారు. ఏం అర్థమైందో గానీ, చూస్తున్నాడంట అని ఫోన్లో చెప్పి పెట్టేశారు. నేను చాప పరిచి, కర్టెన్ లాగి, వాలిపోయాను. ఒళ్ళంతా ఒక్కసారిగా నేలలోకి దిగిపోయింది. టేబుల్ ఫ్యాను ఎవరో ఇటు తిప్పారు.

కళ్ళు మూతలు పడుతుంటే మిల్లు గుర్తొచ్చింది. మామగారు ఆ మిల్లు గురించి చెప్పేది ఒక్కటే ముచ్చట. ఆ బాయిలర్ ఊరికే మొరాయించేదట. ఆవిరి రాక పని ఆగిపోతే, అద్దకంలో పనిచేసే ఆడవాళ్ళంతా తడిచేతులు తుడుచుకుని, బట్టల మూటల మీద తలలు పెట్టుకుని పడుకునేవాళ్ళట. ఎన్నిసార్లు విన్నానో. పాపం, పాడు బాయిలర్‌తో ఎన్ని అగచాట్లు పడ్డారో అనుకునేదాన్ని.

"మామయ్యా" అన్నాను కర్టెన్ వెనక నుంచి. "మరి ఆ మిల్లులో బాయిలరు?"

కుర్చీ కొద్దిగా కిర్రుమంది.

"దానికేం, గుండ్రాయిలా ఉండేది" అన్నారు. "పడుకో."